ఎముక అతికేదాకా లోహమే కాపలా
చేతి ఎముకలకు ప్లేట్లు, స్క్రూలు ఎలా పనిచేస్తాయి? పనిలోకి ఎప్పుడు వెళ్లాలి?

చార్మినార్: లాడ్‌బజార్ దుకాణాల వెనుక గదుల్లో బొగ్గుల కుంపటిపై లక్క మెత్తబడుతూ ఉంటుంది. దానిని చేతితో సాగదీసి, గుండ్రంగా చుట్టి, చల్లారేలోపు ఒక్కొక్క రాయిని వేలి కొనతో అద్దాలి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు లక్క గాజులకు ఆధారం బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉండే ఆ పట్టే. మిఠాయిలపై అద్దే వెండి రేకును సుత్తితో గంటల తరబడి కొట్టేవారికైనా, మగ్గంపై జరీ పని చేసేవారికైనా, మోటారు మెకానిక్కుకైనా జీవనాధారం చేతివేళ్లే.

అటువంటి చేయి ఒకనాడు ద్విచక్రవాహనం జారి నేలను తాకుతుంది. లేదా దుకాణం షట్టరు కింద నలుగుతుంది. ఎముక విరిగిందని, ప్లేటు, స్క్రూలు వేయాలని వైద్యులు చెబుతారు. శస్త్రచికిత్స ముగిశాక రోగి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: పనిలోకి ఎప్పుడు వెళ్లవచ్చు?

ఇక్కడే రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. లోపల లోహం ఉంది కదా, ఇక భయమేమిటని వారం తిరగకముందే బరువులెత్తేవారు కొందరు. కుట్లు ఊడతాయేమో, ప్లేటు కదులుతుందేమో అన్న భయంతో నెలన్నర పాటు వేలు కదపనివారు మరికొందరు. మొదటివారికి లోహం విరిగే ప్రమాదం ఉంది. రెండోవారికి ఎముక చక్కగా అతికినా వేలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఈ రెండింటినీ తప్పించుకోవాలంటే చేతి ఎముకపై ఏ బలాలు పనిచేస్తాయో, వాటిని లోహం ఎంతవరకు భరిస్తుందో తెలుసుకోవాలి.

చిన్న ఎముకలు.. పెద్ద బలాలు

ఒక్కో చేతిలో 27 ఎముకలు ఉంటాయి. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. అరచేతిలోని అయిదింటిని వైద్యులు మెటాకార్పల్స్ అంటారు. వేళ్లలోని కణుపులను ఫాలాంజెస్ అంటారు. ఇవి చూడటానికి చిన్నవే అయినా వీటిపై పడే భారం చిన్నది కాదు. వేలి కొనతో ఒక వస్తువును నొక్కినప్పుడు, ఆ వేలిని వంచే స్నాయుబంధనంపై అంతకు అనేక రెట్ల బలం పడుతుంది. కండరం లాగిన బలాన్ని ఎముకకు చేరవేసే తాళ్లవంటివే ఈ స్నాయుబంధనాలు. అవి కీలుకు అతి దగ్గరగా సాగుతాయి. వేలి కొన మాత్రం కీలుకు దూరంగా ఉంటుంది. తలుపును బందుల దగ్గర తోయటానికి, గడియ దగ్గర తోయటానికి ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. కొన వద్ద కిలో బరువు నిలపాలంటే తాడు అంతకు ఎన్నో రెట్లు బిగియాలి. ఆ బిగువంతా ఎముకనే నొక్కుతుంది.

ఎముక విరిగిన క్షణం నుంచి ఈ బలాలే ముక్కలను చెదరగొడతాయి. అరచేతి ఎముక మధ్యలో విరిగితే, లోపలి చిన్న కండరాలు వేలి వైపు ముక్కను అరచేతిలోకి లాగుతాయి. ఫలితంగా విరిగిన చోటు చేతి పైవైపుకు గూనులా లేస్తుంది. వేలి మొదటి కణుపు విరిగినప్పుడు దీనికి భిన్నంగా జరుగుతుంది. మూలం వైపు ముక్క ముందుకు వంగుతుంది, కొన వైపు ముక్కను పై స్నాయుబంధనం వెనక్కు లాగుతుంది. అందువల్ల విరిగిన చోటు అరచేతి వైపుకు కుంగుతుంది. ఎక్స్‌రేలో ఎముక ఏ దిశకు వంగిందో చూసి, ఏ బలానికి అడ్డుకట్ట వేయాలో వైద్యులు నిర్ణయిస్తారు.

అయిదు డిగ్రీలు తిరిగితే చాలు

ఎముక కొంత వంగి అతికినా చేయి ఆ లోపాన్ని కొంతమేర సర్దుకుంటుంది. చిటికెనవేలి మూలంలో ఉన్న కీలు 20 నుంచి 30 డిగ్రీల వరకు కదులుతుంది. అందుకే గోడను గుద్దినప్పుడు సాధారణంగా విరిగే ఆ వేలి అరచేతి ఎముక కొంచెం వంగి అతికినా పట్టుకు పెద్దగా లోటు రాదు. చూపుడువేలు, మధ్యవేలి మూలాల్లోని కీళ్లు దాదాపు కదలవు కనుక అక్కడ అంత వంపును అనుమతించరు.

పొట్టిదనానికి కూడా లెక్క ఉంది. అరచేతి ఎముక 2 మిల్లీమీటర్లు కురచైతే, ఆ వేలు పూర్తిగా చాచేటప్పుడు సుమారు 7 డిగ్రీల లోటు ఏర్పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. స్నాయుబంధనం పొడవు మారదు, ఎముక మాత్రం తగ్గుతుంది. దానితో తాడు వదులవుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మెలిక. అరచేతి ఎముక కేవలం 5 డిగ్రీలు మెలి తిరిగి అతికినా, పిడికిలి బిగించినప్పుడు ఆ వేలి కొన సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు పక్కకు జరిగి పొరుగు వేలిపైకి ఎక్కుతుంది. ఇది ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించకపోవచ్చు. చేయి చాచినప్పుడు కూడా తెలియదు. అందుకే వైద్యులు నెమ్మదిగా పిడికిలి మూయించి చూస్తారు. ఆరోగ్యవంతమైన చేతిలో ఒక్కొక్కటిగా మడిచిన వేళ్లన్నీ బొటనవేలి మూలాన, మణికట్టు దగ్గరి ఒకే చోటు వైపు చూస్తాయి. ఒక వేలు దారి తప్పితే ఎముక తిరిగిందని అర్థం. రాళ్లు అద్దే చేతికి, సూది పట్టే చేతికి ఈ లోపం జీవితాంతం వెన్నాడుతుంది.

కట్టు ఎక్కడ చాలుతుంది? ఎక్కడ చాలదు?

చేతి ఎముకలు విరిగిన వారందరికీ శస్త్రచికిత్స అవసరం లేదు. ముక్కలు కదలక నిలిచి ఉంటే, మెలిక లేకుంటే పిండికట్టుతోనో, పక్కవేలిని తోడు చేసి కట్టిన పట్టీతోనో చాలా ఎముకలు అతుకుతాయి.

పాతబస్తీలో పహిల్వాన్ల దగ్గర ఎముకలు సరిచేయించుకునే అలవాటు పాతది. నగరంలో అనేకచోట్ల పుత్తూరు కట్టు బోర్డులు కూడా కనిపిస్తాయి. కదలని, మూసుకుని ఉన్న విరుపుకు బయటి నుంచి ఇచ్చే ఏ ఊతమైనా కొంత ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఎముకను అతికించేది కట్టు కాదు, శరీరమే. అయితే బయటి కట్టు చర్మాన్ని మాత్రమే పట్టుకోగలదు. చర్మానికి, ఎముకకు మధ్య కండరం, వాపు ఉంటాయి. ఏటవాలుగా విరిగిన ఎముక లోపల జారుతుంటే, మెలి తిరుగుతుంటే బద్దలు దానిని ఆపలేవు. బిగించి కడితే రక్తప్రసారం ఆగే ప్రమాదం మరొకటి. కనుక కట్టు ఎక్కడ కట్టించుకోవాలన్న ప్రశ్నకు ముందు, ఎక్స్‌రే తీయించి విరుపు ఏ రకమో తెలుసుకోవటం తప్పనిసరి. నేరుగా, పక్కగా, ఏటవాలుగా మూడు దిశల్లో తీస్తేనే చేతి ఎముకల పరిస్థితి పూర్తిగా తెలుస్తుంది.

మెలిక ఉన్నప్పుడు, ముక్కలు నిలకడ లేనప్పుడు, కీలు ఉపరితలం చీలి ఎగుడుదిగుడుగా మారినప్పుడు, ఒకేసారి అనేక ఎముకలు విరిగినప్పుడు, పుండుతో ఎముక బయటపడినప్పుడు లోపలి నుంచి నిలబెట్టటం గురించి వైద్యులు ఆలోచిస్తారు. సన్నని తీగలతో సరిపోయేచోట తీగలే వేస్తారు. అవి సులువు, చవక, తీయటమూ తేలిక. అయితే తీగ ముక్కలను ఒకచోట ఉంచుతుందే తప్ప ఒకదానితో ఒకటి అదమదు. ఆ పని స్క్రూ చేస్తుంది.

స్క్రూ రహస్యం వడ్రంగికి తెలిసిందే

రెండు చెక్కలను స్క్రూతో బిగించేటప్పుడు అనుభవమున్న వడ్రంగి పై చెక్కలో రంధ్రాన్ని కాస్త వెడల్పు చేస్తాడు. అక్కడ మరలు పట్టవు. కింది చెక్కలోనే పట్టుకుంటాయి. తిప్పేకొద్దీ స్క్రూ తల పై చెక్కను కిందికి నొక్కుతుంది, కింది చెక్క పైకి వస్తుంది, సందు మూసుకుంటుంది. రెండు చెక్కల్లోనూ మరలు పట్టుకుంటే ఎంత తిప్పినా మధ్యలోని సందు అలాగే ఉండిపోతుంది.

ఎముకల వైద్యులు లాగ్ స్క్రూ అని పిలిచేది ఈ పద్ధతినే. దగ్గరి వైపు గట్టి పొరలో మరల వెడల్పుకు సమానమైన రంధ్రం, అవతలి పొరలో మరలు పట్టేంత చిన్న రంధ్రం వేస్తారు. బిగించగానే రెండు ముక్కలూ ఒరుసుకుని నిలుస్తాయి. అప్పుడు కదలికను ఆపేది లోహం ఒక్కటే కాదు. గరుకైన ఎముక అంచుల మధ్య పుట్టే రాపిడి కూడా సాయపడుతుంది.

దీనికి కొన్ని నియమాలు ఉన్నాయి. విరుపు పొడవు ఎముక మందానికి కనీసం రెండింతలు ఉన్నప్పుడే స్క్రూలు మాత్రమే వేసి సరిపెట్టవచ్చు. ఒకే స్క్రూ వేస్తే దాని చుట్టూ ముక్క మేకుకు తగిలించిన పటంలా తిరుగుతుంది కనుక కనీసం రెండు కావాలి. పట్టే ముక్క వెడల్పు స్క్రూ వ్యాసానికి మూడు రెట్లయినా లేకపోతే ఆ ముక్కే చిట్లుతుంది. దిశ కూడా ముఖ్యమే. విరుపు గీతకు లంబంగా వేసిన స్క్రూ బాగా అదుముతుంది. ఎముక పొడవుకు లంబంగా వేసినది పొడవు వెంట జారకుండా ఆపుతుంది. రెండూ అవసరమైనచోట వాటి మధ్య కోణాన్ని ఎంచుకుంటారు.

వేలి కణుపులకు సాధారణంగా 1.3 లేదా 1.5 మిల్లీమీటర్ల స్క్రూలను, అరచేతి ఎముకలకు 2 నుంచి 2.4 మిల్లీమీటర్ల వాటిని వాడతారు. ఈ స్వల్ప తేడాకు ఫలితం పెద్దది. స్క్రూ నడుమ కాడ వ్యాసం నాలుగో వంతు పెరిగితే వంపును తట్టుకునే బలం దాదాపు రెట్టింపవుతుంది. అలాగని లావు స్క్రూ వేస్తే చిన్న ఎముకలో పెద్ద రంధ్రం పడి ఎముకే బలహీనమవుతుంది. లోహానికి, ఎముకకు మధ్య ఈ బేరం ప్రతి శస్త్రచికిత్సలోనూ నడుస్తుంది.

ప్లేటు ఎటువైపు? ఎందుకు?

ఎముక అడ్డంగా విరిగినా, నుగ్గయినా స్క్రూలు మాత్రమే చాలవు. అప్పుడు ప్లేటు కావాలి. దానిని ఏ వైపు పెట్టాలన్నది యాంత్రిక శాస్త్రం చెబుతుంది.

పచ్చి వేపపుల్లను రెండు చేతులతో పట్టుకుని వంచితే బయటి వైపు బెరడు సాగి చీలుతుంది. లోపలి వైపు నలుగుతుంది. పిడికిలి బిగించినప్పుడు అరచేతి ఎముకకూ ఇదే జరుగుతుంది. చేతి పైవైపు సాగదీతకు, అరచేతి వైపు నొక్కుడుకు గురవుతాయి. లోహపు ప్లేటు సాగదీతను చక్కగా భరిస్తుంది, పదేపదే వంగటాన్ని మాత్రం భరించలేదు. కాబట్టి సాగే వైపు, అంటే చేతి పైవైపు ప్లేటును బిగిస్తే, పిడికిలి మూసినప్పుడు పుట్టే బలమే అరచేతి వైపు ఎముక అంచులను మరింత దగ్గరకు నొక్కుతుంది. విడదీయవలసిన బలం కలిపే బలంగా మారుతుంది.

ఒక షరతు ఉంది. అరచేతి వైపు ఎముక అంచులు ఒకదానిని ఒకటి తాకుతూ ఉండాలి. అక్కడ సందు మిగిలితే నొక్కుడును పంచుకునేవారు ఉండరు. ప్రతి కదలికకూ ప్లేటు ఒక్కటే వంగుతూ లేస్తూ ఉంటుంది. సన్నని ఇనుప తీగను అటూ ఇటూ వంచితే కొంతసేపటికి తెగినట్లే అదీ అలసి విరుగుతుంది. ఈ సందు రాకుండా వైద్యులు ప్లేటును బిగించే ముందు మధ్యలో కొద్దిగా వంచుతారు. బిగించాక అది నిటారు కావాలని ప్రయత్నిస్తూ అవతలి అంచును మూస్తుంది. ప్లేటు రంధ్రాల్లో స్క్రూను ఒక పక్కకు జరిపి వేసి, బిగించేకొద్దీ ఎముక ముక్కలు దగ్గరకు జారేలా చేసే ఏర్పాటు కూడా ఉంది.

ప్లేటు మందం ఎంత ఉండాలన్నది మరో చిక్కు. వంపును తట్టుకునే బిగువు మందానికి ఘనంలో పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిగువు 8 రెట్లవుతుంది. మిల్లీమీటరు మందమున్న ప్లేటుకు మరో 0.3 మిల్లీమీటర్లు చేర్చినా రెండింతలకు పైగా గట్టిపడుతుంది. అయితే తొడ ఎముకపై ఉన్నంత కండరం వేలి ఎముకపై లేదు. చర్మం, దాని కింద వేలిని చాచే స్నాయుబంధనం, వెంటనే ఎముక. మందపు ప్లేటు ఆ స్నాయుబంధనాన్ని ఒరుస్తుంది, అతుక్కునేలా చేస్తుంది. అందుకే వేలి కణుపులకు వీలైతే పక్కవైపు నుంచి ప్లేటు వేయటానికి, స్క్రూలతోనే సరిపెట్టటానికి మొగ్గు చూపుతారు.

విరుపుకు అటూ ఇటూ కనీసం రెండేసి స్క్రూలు, ఒక్కొక్కటి ఎముక రెండు వైపుల గట్టి పొరలనూ పట్టుకునేలా వేయటం చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం. ఎముక గుల్లబారిన వృద్ధులకు, ముక్కలు నుగ్గయినవారికి లాకింగ్ ప్లేట్లు ఉపకరిస్తాయి. వీటిలో స్క్రూ తలకు కూడా మరలు ఉండి ప్లేటు రంధ్రంలోనే బిగుసుకుంటాయి. మామూలు ప్లేటు ఎముకను అదిమి పట్టుకుని నిలుస్తుంది. లాకింగ్ ప్లేటుకు ఆ అవసరం లేదు. స్క్రూలు, ప్లేటు కలిసి ఒకే చట్రంలా నిలుస్తాయి. ఒక్కో స్క్రూ విడిగా ఊడిరాదు. ఖరీదు ఎక్కువ కనుక ప్రతి విరుపుకూ ఇవే కావాలని పట్టుబట్టవలసిన పని లేదు. మంచి గట్టి ఎముకలో సాధారణ విరుపుకు మామూలు ప్లేటు చక్కగా పనిచేస్తుంది.

హాంబర్గ్ నుంచి కంచన్‌బాగ్ దాకా

విరిగిన ఎముకకు లోహపు పలక బిగించిన తొలి పద్ధతిని జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన కార్ల్ హాన్స్‌మన్ 1886లో వెల్లడించారు. స్క్రూల కాడలు చర్మం బయటకు పొడుచుకు వచ్చేవి. అతికాక బయటి నుంచే తీసేవారు. దాదాపు అదే కాలంలో హైదరాబాదు శస్త్రచికిత్సకు సంబంధించిన మరో ప్రశ్నతో ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. మత్తుమందుగా క్లోరోఫాం ఎంతవరకు సురక్షితమో తేల్చేందుకు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాల్లో రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే ప్రయోగాలు జరిపాయి. నొప్పి తెలియకుండా చేసే మందు, 1895లో వచ్చిన ఎక్స్‌రే లేకపోతే ఎముకల శస్త్రచికిత్స ఇంతగా ఎదిగేది కాదు. నేడు చేతి ఎముకలకు మొత్తం శరీరానికి మత్తు ఇవ్వకుండా, చేతిని మాత్రమే మొద్దుబార్చి చికిత్స చేయటం మామూలైంది.

ఎముక ముక్కలను అదిమి పట్టే ప్లేటును బెల్జియం వైద్యుడు రాబర్ట్ డానిస్ 1949లో వివరించారు. 1958లో స్విట్జర్లాండ్ వైద్యులు ఏఓ అనే సంఘంగా ఏర్పడి, ప్లేట్లు, స్క్రూల కొలతలకు, వాటిని వేసే పద్ధతులకు ఒక క్రమం తెచ్చారు. ప్రపంచవ్యాప్తంగా ఎముకల వైద్యులు నేటికీ ఆ సూత్రాలనే నేర్చుకుంటున్నారు.

లోహం విషయంలో పాతబస్తీకి ఒక ప్రత్యేకత ఉంది. పాతబస్తీకి ఆగ్నేయాన కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పాటైన ప్రభుత్వ రంగ సంస్థ మిశ్ర ధాతు నిగమ్, అంటే మిధాని, రక్షణ, అంతరిక్ష రంగాలకు ప్రత్యేక ఉక్కును, టైటానియం మిశ్రమాలను తయారు చేస్తోంది. వైద్య అవసరాలకు తగిన లోహాలపైనా ఆ సంస్థ పనిచేసింది. చేతిలో అమర్చే ప్లేట్లు ముఖ్యంగా ఈ రెండు రకాలే. ఒకటి తుప్పు పట్టని ప్రత్యేక ఉక్కు, రెండోది టైటానియం.

ఉక్కు బిగువైనది, చవకైనది. దాని బిగువు ఎముక గట్టి పొరకు సుమారు పదింతలు. టైటానియం బిగువు ఉక్కులో ఇంచుమించు సగమే. ఇది లోపం కాదు. లోహం మరీ బిగువుగా ఉంటే బరువంతా అదే మోస్తుంది, కింద ఉన్న ఎముకకు పని తగ్గుతుంది. పని లేని ఎముక క్రమంగా పలచబడుతుంది. టైటానియం కొంత భారాన్ని ఎముకకు వదిలిపెడుతుంది. నికెల్ పడనివారికి కూడా ఇదే మేలు. రెండింటితోనూ చేతి ఎముకలు చక్కగా అతుకుతాయి. ఏ లోహమన్న దానికంటే ఎలా అమర్చారన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ఎముకకు, లోహానికి పరుగు పందెం

విరిగిన చోట ఎంత కదలిక ఉండవచ్చు? స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ పెరెన్ దీనికి ఒక కొలమానం చూపారు. విరుపు సందు వెడల్పులో కదలిక ఎన్నో వంతు అన్నదే ఆ లెక్క. అది 2 శాతం లోపు ఉంటే ఎముక నేరుగా ఎముకతో కలుస్తుంది. 2 నుంచి 10 శాతం వరకు ఉంటే చుట్టూ కాలస్ అనే కొత్త ఎముక గడ్డ కట్టి ఆపై అతుకుతుంది. అంతకు మించితే ఎముక ఏర్పడదు, మెత్తని కణజాలమే మిగులుతుంది. బాగా అదిమిన సన్నని సందులో అణువంత కదలిక కూడా ఎక్కువ శాతమవుతుంది. కాబట్టి అక్కడ బిగింపు గట్టిగా ఉండాలి. నుగ్గయిన చోట అదే కదలిక అనేక సందుల మధ్య పంపకమవుతుంది. అక్కడ ముక్కలన్నింటినీ పట్టి బిగించకుండా, అటూ ఇటూ ఉన్న గట్టి ఎముకల మధ్య ప్లేటును వంతెనలా వేస్తే చాలు.

ప్లేటు వేసిన రోజున భారమంతా లోహానిదే. రోజులు గడిచేకొద్దీ ఎముక తన వాటా తీసుకుంటుంది. ఎముక అతుకుతూ ఉంటే లోహంపై భారం తగ్గుతూ వస్తుంది. అతకకుంటే లోహం ప్రతి కదలికకూ అలసిపోయి ఏదో ఒకనాడు విరుగుతుంది, లేదా స్క్రూలు వదులవుతాయి. ఈ పందెంలో ఎముక ముందు గెలవాలి. పొగతాగటం రక్తప్రసారాన్ని తగ్గించి ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది. మధుమేహం అదుపులో లేకుంటే పుండు చీము పట్టే అవకాశం పెరుగుతుంది. ఈ రెండూ రోగి చేతిలోనే ఉన్నాయి.

కదపాలి.. కానీ మోయకూడదు

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ప్లేటు వేసే ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి వేళ్లను త్వరగా కదపటం. శస్త్రచికిత్స తరువాత స్నాయుబంధనం, ఎముక, ప్లేటు ఒకేచోట మానుతుంటాయి. కదలిక లేకుంటే అన్నీ కలిసి ఒకే మచ్చగా అతుక్కుంటాయి. అందుకే బిగింపు గట్టిగా ఉందని వైద్యులు నిర్ధారిస్తే, తొలి రోజుల నుంచే వేళ్లను నెమ్మదిగా మూసి తెరిచే వ్యాయామం చెబుతారు. ఏమీ పట్టుకోకుండా వేలిని మడిచినప్పుడు పుట్టే బలం స్వల్పం. సరిగా వేసిన ప్లేటు దానిని సునాయాసంగా భరిస్తుంది. బిందె ఎత్తినా, సుత్తి పట్టినా, వాహనం హ్యాండిల్ బిగించినా పుట్టే బలం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి ప్లేటు ఇంకా సిద్ధంగా ఉండదు. చేయి కదపటం వేరు, చేతితో మోయటం వేరు. ఈ తేడా తెలిస్తే సగం సమస్యలు రావు.

విశ్రాంతి వేళ చేతికి పెట్టే బద్దకూ ఒక పద్ధతి ఉంది. పిడికిలి కణుపుల వద్ద వేళ్లను బాగా వంచి, మిగిలిన కీళ్లను నిటారుగా ఉంచుతారు. పిడికిలి కణుపు వద్ద సంధిబంధనాలు వంచినప్పుడే సాగి ఉంటాయి. చాచి ఉంచితే అవి కుంచించుకుపోయి, తరువాత పిడికిలి మూసుకోదు. రోగికి ఈ భంగిమ వింతగా అనిపించినా బద్దను మార్చకూడదు.

చేతి ఎముకలు సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో తాకితే నొప్పి లేని స్థితికి వస్తాయి. ఎక్స్‌రేలో గీత పూర్తిగా మాయం కావటానికి నెలలు పట్టవచ్చు. నొప్పి తగ్గటం, ఎక్స్‌రే, విరుపు రకం అన్నీ చూసి వైద్యులు తేలికపాటి పనులకు, ఆపై బరువు పనులకు దశలవారీగా అనుమతిస్తారు. రాళ్లు అద్దే పనికి, సుత్తి పనికి ఒకే గడువు ఉండదు. కాబట్టి చేసే పని ఏమిటో వైద్యులకు ముందే వివరంగా చెప్పాలి. రోజు కూలీపై బతికేవారికి ఆరు వారాలు ఇంట్లో ఉండటం భారమే. తొందరపడి ప్లేటు విరిగితే రెండో శస్త్రచికిత్సతో పాటు అంతకంటే ఎక్కువ కాలం కూలీ పోతుంది.

ప్లేటును తప్పనిసరిగా తీయించాలన్న నియమం లేదు. స్నాయుబంధనం ఒరుసుకుంటున్నా, వేలు బిగుసుకున్నా, చీము పట్టినా తీస్తారు. తీసిన తరువాత స్క్రూ రంధ్రాలు పూడేదాకా ఎముక బలహీనంగా ఉంటుంది. కనుక మళ్లీ కొన్ని వారాలు జాగ్రత్త అవసరం. స్కానింగులు తీయించేటప్పుడు లోపల ప్లేటు ఉందని సిబ్బందికి చెప్పాలి.

దెబ్బ తగిలిన వెంటనే

* ఉంగరాలు, గాజులు, వాచీ ముందుగా తీసేయాలి. వాపు వచ్చాక అవి రక్తప్రసారాన్ని ఆపుతాయి.
* చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. గుడ్డ చుట్టిన మంచు కొద్దిసేపు పెట్టవచ్చు.
* వేలిని లాగి సరిచేయటం, నూనెతో మర్దన చేయటం కూడదు.
* కొట్లాటలో ఎదుటివారి పన్ను తగిలి పిడికిలి కణుపుపై పుండు పడితే, అది ఎంత చిన్నదైనా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. కీలులోకి సూక్ష్మక్రిములు చేరే ప్రమాదం ఉంది.
* వేలి కొన నల్లబడినా, చల్లబడినా, స్పర్శ పోయినా, కట్టు లోపల నొప్పి పెరుగుతున్నా క్షణం ఆలస్యం చేయకూడదు.
* పిడికిలి మూసి రెండో చేతితో పోల్చి చూడాలి. ఏ వేలైనా పక్క వేలిపైకి ఎక్కుతుంటే వైద్యులకు చూపాలి. తొలి వారంలో సరిచేయటం సులువు. వంకరగా అతికాక ఎముకను మళ్లీ కోయవలసి వస్తుంది.

అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా వంటి ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఎముకల విభాగాలు అందుబాటులో ఉన్నాయి. ఇంటికి వెళ్లే ముందు రోగి అడగవలసిన ప్రశ్నలు నాలుగు. వేళ్లు ఎప్పటి నుంచి కదపాలి? రోజుకు ఎన్నిసార్లు? ఎంత బరువు దాటకూడదు? మళ్లీ ఎక్స్‌రే ఎప్పుడు? ఈ నాలుగింటికి జవాబులు కాగితంపై రాయించుకుని, ఆ ప్రకారం నడుచుకుంటే లోహం తన కాపలా పూర్తి చేసేసరికి ఎముక పనికి సిద్ధమవుతుంది.